ఎడమపక్క పిడి

డెబ్బైల చివర ఆళ్లగడ్డలో నాదొక చిన్న వెల్డింగు షాపు. గాలి లేని రోజుల్లో శనగలు తూర్పారబట్టలేక కోయిలకుంట్ల రైతులు అవస్థ పడతాంటే చూసి, చేత్తో తిప్పే ఫ్యాను మిషను ఒకటి తయారుచేసినా. మద్రాసు ఆఫీసు చుట్టూ తిరిగి దానికి పేటెంటు కాయితం కూడా తెచ్చుకున్నా. నాది పుర్రచేతి వాటం కాబట్టి తిప్పే పిడి ఎడమపక్క పెట్టినా. అంతకు మించి దాంట్లో రహస్యమేమీ లేదు.

మరుసటేడు నంద్యాలలో అన్నిటికన్నా పెద్ద వ్యవసాయ పనిముట్ల షాపు ముందర నా మిషన్లే వరుసగా పెట్టి ఉన్నాయి. పేరు వాళ్లది, రంగు వాళ్లది. పిడి మాత్రం అన్నిటికీ ఎడమపక్కే. దొంగతనం చేసేవానికి ఆ మాత్రం మార్చుకునే తెలివి కూడా లేకపాయె.

లోపలికి పోయి కాయితం చూపించినా. ఓనరు దాని వైపు చూడను కూడా చూడలేదు.

"ఇది మా ఇంజనీరు కనిపెట్టిందప్పా. యాడికన్నా పోయి చెప్పుకో."

"అట్లయితే పిడి ఎడమపక్క ఏంటికుంది?"

పక్కనే కూర్చున్న ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "అది సైన్సు. ఎడమ నుంచి తిప్పితే గాలి నేరుగా కొడుతుంది. నీకు అర్థం కాదులే."

"నాది పుర్రచెయ్యి. ఇదీ నీ సైన్సు" అని నా ఎడమ చేయి వాని ముక్కు ముందర పెట్టినా. కొనడానికి వచ్చిన రైతులు పగలబడి నవ్వినారు.

ఆ మరుసటేడు పిడి కుడిపక్కకు మార్చి, "కొత్త మోడల్" అని బోర్డు పెట్టినారు. అంత పెద్ద షాపు సొంతంగా కనిపెట్టింది అదొక్కటే.