మా అత్త డ్రమ్ము మీద నెమలి

పెళ్ళికి పిలవడం మరిచిపోయినా మా వీధివాళ్ళు క్షమిస్తారు. నీళ్ళ ట్యాంకర్ వరుసలో తమ డ్రమ్మును ఒక్క జానెడు వెనక్కి జరిపితే మాత్రం మనవళ్ళ కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు. మార్కాపురంలో పుట్టి పెరిగినవాడిని కాబట్టి నాకిది వింతగా ఉండదు. నీళ్ళు కుళాయిలో వచ్చే ఊళ్ళవాళ్ళకి చెబితే నవ్వుతారు.

ఆ వరుసలో మొదటి డ్రమ్ము మా మేనత్తది. మా నాయనకు చెల్లెలు. త్రిపురాంతకంలో కాపురం చేసి, మామ పోయాక మా ఎదురింట్లోకి వచ్చి చేరింది. వచ్చిన కొత్తలో ఆమె డ్రమ్ము చిట్టచివర ఉండేది. అది మొదటికి ఎప్పుడు, ఎట్లా వచ్చిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నోటితోనే నెట్టుకుంటూ వచ్చిందని మా ఆవిడ అంటుంది.

వీధి మొగలో, ట్యాంకర్ ఆగే చోట, ఆ నీలం డ్రమ్ము ఎండకూ వానకూ అక్కడే ఉండేది. గాలికి దొర్లిపోకుండా, ఎవరూ పక్కకు లాగేయకుండా, అందులో ఎప్పుడూ సగం దాకా నీళ్ళు ఉంచేది మా అత్త. ట్యాంకర్ వచ్చినప్పుడు పై సగం నింపించుకుని, ఆ పై సగమే తోడుకునేది. అడుగు సగం తాగడానికీ కాదు, వాడడానికీ కాదు. బరువుకు. బిందె నీళ్ళ కోసం జుట్లు పట్టుకునే ఊళ్ళో నీళ్ళను బరువుకు వాడే మనిషి మా అత్త ఒక్కతే అని నేను చాలాకాలం గర్వపడ్డాను. తర్వాత చూస్తే వీధంతా ఆమె దగ్గరే నేర్చుకుంది.

ఆ డ్రమ్ము మీద గుర్తు కోసం పసుపు పెయింటుతో తన చేత్తోనే నెమలిని వేసింది. చూసినవాళ్ళందరికీ అది కోడిలాగే కనిపించింది. ఒకసారి ట్యాంకర్ డ్రైవర్ నోరు జారి "ఆ కోడి డ్రమ్ము ఇట్ల జరపండి" అన్నాడు. వాడి తాత ముత్తాతలు ఏ ఊళ్ళో ఏ నీళ్ళు తాగి పెరిగారో ఆ రోజు మా వీధికంతా తెలిసింది. అప్పటినుంచి ఆమె ముందు కోడి అనే మాట వాడాలంటే కోడి కూర వండుకున్నవాళ్ళు కూడా జంకేవారు.

ఆ ఏడు వానలు ఆగీ ఆగగానే జ్వరాలు మొదలయ్యాయి. చికున్‌గున్యా అన్నారు. జ్వరం తగ్గిపోతుంది, కీళ్ళు మాత్రం మనవి కాకుండా పోతాయి. పొద్దున్నే వీధిలోకి చూస్తే అందరూ గోడలు పట్టుకుని నడుస్తుండేవారు. నాది ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే దుకాణం. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వేళ్ళు ముడుచుకోవు, ముడుచుకుంటే తెరుచుకోవు. దోమల బ్యాట్లు ఎన్నడూ లేనంతగా అమ్ముడుపోయాయి గానీ, వాటి బటన్ నొక్కి చూపించే శక్తి అమ్మేవాడికీ లేదు, కొనేవాడికీ లేదు. మా అత్తకు చెంబు ఎత్తడం, జడ వేసుకోవడం చేతకాకుండా పోయింది. నోటికి మాత్రం ఏ కీలూ లేదు కాబట్టి అది మామూలుగానే పనిచేసింది.

డ్రమ్ముకు ఆనుకుని ఉన్న గోడ వెనక ఒక గది ఉంది. కిరాణా కొట్టు శెట్టిగారిది. అందులో ఒడిశా నుంచి వచ్చిన పడుచు జంట అద్దెకుండేది. అతను కొత్త ఇళ్ళలో టైల్స్ పరిచేవాడు, ఆమె ఇంట్లో ఉండేది. వీధిలో అందరూ వాళ్ళను బీహారోళ్ళు అనేవారు. కాదు, ఒడిశా అని నేను ఒకసారి సరిచేయబోయాను.

"ఒరిస్సా అయితే ఏంది, బీహార్ అయితే ఏంది? రైలు దిగినోళ్ళే గదా" అంది మా అత్త.

వాళ్ళకు డ్రమ్ము లేదు. డ్రమ్ము లేనివాళ్ళకు వరుస లేదు, వరుస లేనివాళ్ళకు నీళ్ళు లేవు. అందరి డ్రమ్ములూ నిండాక, డ్రైవర్ పైపు చుట్టుకుంటున్నప్పుడు దానిలోంచి కారేవి ఆ పిల్ల రెండు బిందెల్లో పట్టుకునేది.

జ్వరం ఎవరు తెచ్చారనే చర్చ నా దుకాణం ముందు బల్ల మీదే జరిగేది. టీవీలో కూడా ఎక్కడెక్కడివాళ్ళో కోట్లు వేసుకుని, వలస వచ్చినవాళ్ళ వల్లే రోగాలని కేకలేసుకుంటుండేవారు. మా బల్ల మీదివాళ్ళు కోట్లు లేకుండా అదే పని చేసేవారు. వీధంతా మంచాన పడినా ఆ జంటకు మాత్రం ఏమీ కాలేదు కాబట్టి, తెచ్చింది వాళ్ళేనని తేల్చారు. తెచ్చినోళ్ళకు రాదంట, అది శాస్త్రమంట. వారం తిరక్కుండానే అతనికీ జ్వరం వచ్చింది. "చూసినారా, ఇన్నాళ్ళూ లోపల దాచిపెట్టినాడు" అన్నారు. ఇక అతను చేయగలిగింది ఏముందో నాకు అర్థం కాలేదు.

నాకు ఒళ్ళు మండింది. మా అత్త కొడుకు బెంగళూరులో కరెంటు పని చేస్తాడు. మా పశ్చిమ ప్రకాశంలో ఏ ఇంట్లో చూసినా ఒకడు హైదరాబాదులోనో బెంగళూరులోనో పని వెతుక్కుంటూ ఉంటాడు.

"మరి నీ కొడుకు బెంగళూరు పోలేదా అత్తా?" అన్నాను.

"వాడు పనికి పోయినాడు రా."

"ఈయన దేనికి వచ్చినాడు?"

"పనికే వచ్చినాడు. జ్వరాన్ని ఎంటబెట్టుకోని వచ్చినాడు" అంది.

ఆమెతో వాదించడం కంటే కాలిన మోటారుకు కాయిల్ చుట్టడం తేలిక. చివరికి ఆమె పెద్దరికంలోనే వీధంతా శెట్టిగారి కొట్టుకు వెళ్ళింది. ఆయనకు అద్దె కావాలి, వీధి బేరమూ కావాలి. కాసేపు రెంటినీ తూచి, ఆదివారానికల్లా గది ఖాళీ చేయిస్తానని మాటిచ్చాడు. ఆ టైల్స్ అతను మోకాళ్ళ మీద కూర్చుని బతికే పనివాడు. అప్పటికి గడప దాటడానికే గోడ పట్టుకుంటున్నాడు. అట్లాంటివాడు సామాను నెత్తికెత్తుకుని ఏ ఊరు పోతాడని ఎవరూ అడగలేదు. నేను అడిగాను గానీ, నా మాట నా మిక్సీలే వినవు.

శుక్రవారం మున్సిపాలిటీ నుంచి ఒకాయన, ఆశా కార్యకర్త ఒకామె దోమల తనిఖీకి వచ్చారు. వీధి మొగలో మొదట తగిలింది మా అత్త డ్రమ్మే. ఆయన మూత తీసి సెల్‌ఫోన్ లైటు వేశాడు. నేనూ తొంగిచూశాను. అడుగు సగంలో దోమ పిల్లలు కుప్పలు తెప్పలుగా గంతులేస్తున్నాయి. ఏనాటి నుంచి ఉన్నాయో, మా వీధిలో వాటికంటే పాత కాపురస్తులు తక్కువే అనిపించింది.

"ఎవరిది ఈ డ్రమ్ము?" అన్నాడాయన.

వీధి మొత్తం మా అత్త వైపు చూసింది. మా అత్త గది వైపు చూసింది.

"వాళ్ళదే సార్. వాళ్ళ గోడకే ఆనుకోనుంది గదా."

నాకు నోరు ఆగలేదు. "అత్తా, మరి దాని మీద నెమలి..."

"నెమలి యాడుంది రా? కళ్ళు కనపడటంలా? అది కోడి. నాది నెమలి డ్రమ్ము" అంది, రెప్ప వేయకుండా.

కోడి! ఆమె నోటితో! వీధంతా నోరు తెరుచుకుని నిలబడింది. ఎవరూ కాదనలేదు. కాదంటే ఆయన తర్వాత ఎవరి డ్రమ్ము మూత తీస్తాడో అందరికీ తెలుసు. ఆయన ఆ పిల్లను పిలిచి, ఈ నీళ్ళు పారబోసి, డ్రమ్మును గట్టిగా తోమి, ఆరబెట్టి, గుడ్డ కట్టి ఉంచుకోవాలని చెప్పాడు. ఆమె డ్రమ్మును చూసింది, బొమ్మను చూసింది, మా అత్తను చూసింది. సరేనని తలూపింది. ఆయన అక్కడ చెబుతున్నంతసేపూ మిగతావాళ్ళు గబగబా తమ డ్రమ్ములు కాలవలోకి వంచేశారు. మా వీధిలో అంత నీళ్ళు పారడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మర్నాడు పొద్దున ట్యాంకర్ వచ్చింది. మా అత్త ఇంట్లో ఉన్న ఒక చిన్న డబ్బాను తెచ్చి వరుస చివర పెట్టి, దాని పక్కన దిగాలుగా నిలబడింది. వరుస మొదట్లో నీలం డ్రమ్ము మెరిసిపోతోంది. ఆ పిల్ల దాన్ని తోమి, ఎండబెట్టి, పాత చీర ముక్క కట్టి, ఎక్కడిదక్కడే పెట్టింది. డ్రైవర్ అలవాటు ప్రకారం గుడ్డ విప్పి, పైపు అందులోనే వేశాడు. నీళ్ళు నిండుతున్న చప్పుడుకు మా అత్త రెండడుగులు ముందుకు వేసి, మళ్ళీ డబ్బా పక్కకే వచ్చి నిలబడింది. నాది అంటే పురుగులూ తనవే. కాదంటే వరుసలో మొదటి చోటు పోయినట్టే. ఆమె ముఖం చూస్తే నవ్వొచ్చింది, నిజం చెప్పొద్దూ, జాలి కూడా వేసింది.

డ్రమ్ము నిండింది. ఆ పిల్ల తన రెండు బిందెలు ముంచుకుని గట్టున పెట్టి, కేకేసింది.

"అత్తా! బకెట్లు తెచ్చుకో. నీ నీళ్ళు."

మా అత్త వినపడనట్టు నిలబడింది. వీధిలో చిన్నవాళ్ళంతా ఆమెను అత్తా అని పిలుస్తుంటే విని ఈ పిల్లా అదే నేర్చుకుంది.

"నీ డ్రమ్ము, అత్తా. నాకు తెలుసు. కోడి డ్రమ్ము నీదే."

"కోడి కాదే, నెమలి!" అని అరిచింది మా అత్త.

మొదట డ్రైవర్ నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. కీళ్ళ నొప్పులతో నవ్వడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. మా అత్త దగ్గరికి వచ్చి, ముడుచుకోని ఆ వేళ్ళను చూపిస్తూ, వచ్చీరాని తెలుగులో మెల్లిగా అంది.

"నీ చెయ్యి బాగా లేదు. నేను కడుగుతా, ప్రతి వారం. నాకు రెండు బిందెలు చాలు." కాస్త ఆగి, తన గడప దగ్గర గోడకు చేరగిలబడి కూర్చున్న మొగుడి వైపు చూసింది. "రేపు నేను పోతే, ఎవరు కడుగుతారు?"

మా అత్త అతని మోకాళ్ళ వైపు చూసింది, తన వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత వరుసలో రెండో డ్రమ్ము దగ్గర నిలబడ్డ శెట్టిగారి మీదికి తిరిగింది.

"ఏం శెట్టీ, రేపు వీళ్ళను ఖాళీ చేయిస్తానంటివంట?"

"నువ్వే గదక్కా చేయించమన్నావు!" అన్నాడాయన బిత్తరపోయి.

"అన్నా. ఇప్పుడు చెప్తాండా విను. ఆ పురుగులు నావి. పురుగులున్నోళ్ళు ఊరిడిసి పోవాలంటే ముందు నేను పోవాల, నా ఎనక నువ్వు, నీ ఎనక ఈ వీధంతా. నిన్న కాలవలో పారింది ఎవరి నీళ్ళో నేను చూళ్ళేదనుకున్నావా? ట్రాక్టర్ పిలిపించు, అందరం ఎక్కుతాం."

ట్రాక్టర్ ఎవరూ పిలిపించలేదు. ఆ పిల్ల మొగుడు కోలుకుని పనికి పోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ గది ఇప్పటికీ వాళ్ళదే. డ్రమ్ములో ఇప్పుడు బరువుకు నీళ్ళుండవు. ట్యాంకర్ లేని రోజుల్లో బోర్లించి ఉంటుంది. పెద్ద గాలి వచ్చినప్పుడు దొర్లిపోతే ఎవరో ఒకరు తెచ్చి మొదట్లోనే పెడతారు.

పోయిన నెల ట్యాంకర్‌కు కొత్త డ్రైవర్ వచ్చాడు. మొదటి డ్రమ్ము నింపి, పక్కనున్న రెండు బిందెలను కాలితో జరిపి, "ఇవెవరియి?" అన్నాడు. ఆ పిల్ల ఇంకా ఇంట్లోంచి రాలేదు.

"కాలు తియ్. మా వీధోళ్ళవి" అంది మా అత్త.