పాసింగక్క ఆదివారం భోజనం

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో మా ఇంటి వంటా, మా పెంపకమూ పనిమనిషి పాసింగక్కవే. పనిమనుషుల పేర్లు ప్రభుత్వ పింఛను పథకంలో రాయించి, యజమానులే వాటా కట్టాలని తెలిసి, తన పేరూ రాయించమని అక్క మా అమ్మని అడిగింది.

“నువ్వు మా ఇంటి మనిషివే! నీకెందుకే పింఛను?” అంది అమ్మ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం భోజనానికి చేరాక, అక్క కూడా ఓ కుర్చీ లాక్కుని నాన్న పక్కన కూర్చుంది.

“చేపలెవరు వేయిస్తారే?” అమ్మ గుడ్లురిమింది.

“ఇంటి మనిషిని కదమ్మా, ఆకలేస్తోంది. మీరు వేయించి పెట్టండి.”

నాన్నకి తప్ప ఎవరికీ నవ్వు రాలేదు. ఆ పూట మాడిన చేపలే తిన్నాం. సోమవారం పింఛను ఆఫీసు తలుపులు తెరిచేసరికి, వరసలో అందరికంటే ముందు మా అమ్మే ఉంది.