నాలుగు రంగుల్లో ఓడరేవు

మూకండపల్లి ఫ్యాక్టరీలో తయారైన భాగాలను కొలిచి చూడడం నా పని. వెంట్రుకంత తేడా ఉన్నా పక్కన పెట్టేస్తాను. పదిహేనేళ్లుగా ఆ పనికి అలవాటుపడ్డ కళ్లతోనే, ఆదివారాలు బొమ్మలు వేయడం నేర్చుకుందామని హోసూరులో ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారి దగ్గర చేరాను.

మొదటి ఆయిల్ బొమ్మకు ఆయన ఒక ఓడరేవు ఫోటో ఇచ్చారు. తెల్లవారుజామున మంచు, పడవలు, వెనక క్రేన్లు. రంగులు మాత్రం నాలుగే ట్యూబులు: తెలుపు, మట్టి పసుపు, ఎరుపు, నీలం.

"నలుపు లేదా సార్?" అని అడిగాను.

"నీలంలో ఎరుపు కలుపమ్మా. కావాల్సినంత చీకటి వస్తాది."

మూడు ఆదివారాలు స్కేలు పెట్టి పడవలు గీశాను. ఒక్కొక్క తాడూ విడిగా కనబడేలా వేశాను. మాస్టారు చూసి నవ్వి, నా సన్న కుంచెను తన జేబులో పెట్టేసుకుని, రెండు వేళ్ల వెడల్పున్న కుంచె చేతికిచ్చారు.

"తాళ్లు లెక్కపెట్టొద్దమ్మా. కండ్లు సగం మూసుకొని చూడు. ఏం మిగిలితే అదే పెట్టు."

నాకేమీ మిగల్లేదు. కుంచె పెట్టిన మూలంతా రంగులు కలిసిపోయి బురదయింది. విసుగొచ్చి కాన్వాసు ఇంటికి తెచ్చి గోడకు ఆనించేశాను.

ఆ వారమే మా నాయన వేప్పనపల్లి దగ్గర మా ఊరినుంచి మామిడిపండ్ల సంచితో వచ్చాడు. గొర్రెలు, తోట తప్ప వేరే ధ్యాస లేని మనిషి. బొమ్మ ముందు ఆగిపోయాడు.

"ఇది మద్రాసు హార్బరు కదమ్మా?"

"యాదో ఒక హార్బరు నాయనా. అయినా నువ్వు యాడ చూసినావు?"

నేను చేతిబిడ్డగా ఉన్నప్పుడు మామిడి గుజ్జు డ్రమ్ముల లారీ మీద కూలికి మద్రాసు పోయాడట. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు.

"నీళ్లు ఇంత నీలంగా లేవమ్మా. పొద్దు పుట్టేటప్పుడు మన మామిడి రసం మాదిరి ఉండె. పడవలు ఇట్ల తెలిసేది లేదు. నల్లగా మచ్చలు, అంతే. ఆ మచ్చల నడాన వెలుగు ఊగతా ఉండె."

మాస్టారు చెప్పింది అప్పుడర్థమైంది నాకు. వంటింట్లోంచి పాత ప్లేటు తెచ్చి రంగులు పిండాను.

"నాయనా, ఈడ కూర్చో. ఆ వెలుగు యాడుండె, చూపించు."

ఆయన వేలితో చూపిస్తూ ఉంటే, కత్తితో తాళ్లన్నీ గీకేశాను. మట్టి పసుపులో రవ్వంత ఎరుపు, బాగా తెలుపు కలిపి పెద్ద కుంచెతో నీళ్ల మీద పరిచాను. నీలం, ఎరుపు కలిపిన చీకటితో పడవకొక్క గీత. "ఇంకా కిందికి... ఆఁ, ఆడ!" అంటూ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా చెయ్యి మొదటిసారి కొలతలు మరచిపోయింది. ఇద్దరమూ చిన్నపిల్లల్లా నవ్వుతున్నాం.

చివరికి ఆయన ప్లేటులో వేలు ముంచి, గట్టు మీద ఒక చుక్క పెట్టాడు. దాని పైన చిన్న తెల్ల చుక్క.

"ఇది నేను. తలకు తువ్వాలు చుట్టుకోనుంటిని."

తర్వాతి ఆదివారం మాస్టారు బొమ్మను చాలాసేపు చూసి, ఆ చుక్క దగ్గర ఆగారు. "ఇది నీ చెయ్యి కాదే?" అన్నారు. జరిగింది చెప్పాను. "ఆయనను ఒకసారి పిలుచుకొని రామ్మా, నేనూ నేర్చుకుంటాను," అన్నారు.

ఆయిల్ రంగు తొందరగా ఆరదు. నాయన రోజూ ఫోను చేసి "ఎండినాదా?" అని అడిగేవాడు. ఆరాక తానే వచ్చి తీసుకుపోయాడు. సాయంత్రం ఫోను మోగింది. కృష్ణగిరిలో దిగి మా ఊరి బస్సు ఎక్కింది మొదలు, బొమ్మ ఒళ్లో పెట్టుకుని పక్కనున్న వాళ్లందరికీ సముద్రం గురించి చెబుతూ కూర్చున్నాడట.

"దిగాల్సిన ఊరు దాటి వచ్చేసినానమ్మా," అన్నాడు ఫోనులో. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. "ఏం పర్వాలేదు. ఈ ఊరోళ్లు కూడా చూస్తా ఉండారు."