గ్రీకు ఊళ్లూ, మా రెండు పేటలూ

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఆ మీదట ఏది దొరికితే అది చదివాను. పోయినేడు వరదలు తగ్గాక గ్రంథాలయంలో దొరికింది గ్రీసు చరిత్ర. కొండలకూ సముద్రానికీ మధ్య చిన్న చిన్న ఊళ్లు. ఏ ఊరికి ఆ ఊరే రాజ్యం. పర్షియా దండెత్తి వస్తే ఏథెన్సూ స్పార్టా కలిసి తరిమేశాయి. ఆ ఊపులో గుళ్లు కట్టారు, నాటకాలాడారు, బజార్లో నిలబడి వాదించుకున్నారు. సగం చదివేసరికి మా పేటలో గొడవ మొదలైంది.

ఐ.పోలవరం దిగువన, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర మాదొక పేట, అవతలి గట్టున ఇంకో పేట. సముద్రపు పోటుకు చేప ఎక్కే పాయ ఒక్కటే. అందులో గుంజలు పాతి వల కట్టడం వంతుల మీద. అమావాస్య నుంచి పున్నమి దాకా మేము, పున్నమి నుంచి వాళ్లు. వరదకు ఇసుక మేట వేసి పాయ మా గట్టు వైపు జరిగింది. మా ముంగిట్లోకి వచ్చింది కాబట్టి మాదే అన్నారు మావాళ్లు. పున్నమి దాటినా గుంజలు పీకలేదు. అవతలివాళ్లు వచ్చి వల కోసేశారు.

అప్పుడు రొయ్యల చెరువుల ఆసామి కబురు పెట్టాడు. మాకు ఇంజను పడవలు ఇస్తాడట, అవతలివాళ్లను పాయ దగ్గరికి రానివ్వకుండా చూసుకోమన్నాడు. బదులుగా ఆయన చెరువుల మురుగు గొట్టం పాయలోకి దించుకుంటాడట. ఆ గొట్టాన్నే కొన్నేళ్ల కిందట రెండు పేటలూ పడవలు అడ్డం పెట్టి ఆపాయి. ఇప్పుడు మా పేట పెద్ద, నా పెనిమిటి అన్నగారు, సరేనందామన్నారు.

వలల పాకలో అందరూ కూడారు. ఆ మధ్యాహ్నమే పుస్తకం పూర్తి చేసి వెళ్లాను.

"బావగారూ, స్పార్టావాళ్లూ ఇదే పని చేసేరండీ. తాము తరిమేసిన పర్షియావోడి దగ్గరే డబ్బుచ్చుకుని ఓడలు కట్టేరు, ఏథెన్సు మీదకెళ్లేరు."

"గెలిచేరా పిన్నీ?" అన్నాడొకడు.

"గెలిచేరు."

"మరింకేం! మనమూ పడవలు పుచ్చేసుకుందాం!" అందరూ నవ్వారు.

"గెలిచినా కొట్టుకోడం మానలేదురా. అందరూ నీరసపడ్డాక పైనుంచి మాసిడోనియా రాజు దిగేడు. ఊళ్లన్నీ ఆడి కిందకెళ్లిపోయేయి. గొట్టం దిగితే పాయలో చేపుంటదా? వంతు దేనికేసుకుంటారు?"

నవ్వు ఆగింది. బావగారికి కోపం వచ్చింది. "వల కోసింది ఆళ్లమ్మా. ఈ పాఠం ఆళ్లకి చెప్పిరా!"

వెళ్లాను. మా చిన్న పడవ నేనే నడుపుకుంటూ. అవతలి రేవులో మగవాళ్లు పడవలు నెట్టే గెడలు పట్టుకుని నిలబడ్డారు. పడవ ముక్కుకు ఒకడు గెడ అడ్డం పెట్టాడు. దిగలేదు, పడవలోంచే మాట్లాడాను.

"మీ వంతు మీకిప్పించాలని చూస్తున్నానండీ. మావోళ్లు చెరువులాయన పడవలు పుచ్చుకోబోతున్నారు. పుచ్చుకుంటే పాయ మీకూ లేదు, మాకూ లేదు."

వాళ్ల పేట పెద్ద ఆ గెడను పక్కకు తీయించాడు.

"మీకూ ఇత్తానన్నాడా అక్కగారూ? రేపు పొద్దున్న మాకు తెత్తానన్నాడండీ."

అంతే, పంచె ఎగగట్టి నా పడవెక్కాడు. వాళ్లవాళ్లు వద్దని కేకలేశారు. ఆయన వెనక్కి చూడలేదు.

మా గట్టున కూడా గెడలు లేచే ఉన్నాయి. పడవ ఒడ్డు తగలకముందే ఆయన లేచి నిలబడి, చెరువుల ఆసామి తమకు చెప్పినదంతా అరిచి చెప్పాడు. ఒక్క గెడ కూడా కిందికి దిగలేదు. బావగారు మోకాటి లోతు నీళ్లలోకి వచ్చారు. పడవ మీద చెయ్యి వేసి, ఆయన ముఖంలోకి చూశారు.

"ఇంజన్లు ఎన్నిత్తానన్నాడండీ మీకు?"

"మీకెన్నో మాకూ అన్నేనంటండీ."

బావగారు వెనక్కి తిరిగారు.

"గుంజలు పీకండ్రా," అన్నారు.