ఖాలా వాకిట్లో మా కుర్చీ

తూంకుంటలో మా ఎదురింట్లో అద్దెకుండే పెద్దావిడను వీధంతా ఖాలా, అంటే పిన్నీ, అనేది. ఆమెను చూస్తే నాకు మాత్రం ఒళ్లు మండేది.

మా ఇంటి ముందు ఖరీదైన టైల్స్, పైన ఫైబర్ షీటు, నీటి తుంపర చిమ్మే ఫ్యాను. ఖాలాది మట్టి వాకిలి, వెదురు పందిరి మీద బీరపాదు. అయినా ఎండలు ముదరగానే మావారు మా ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని అక్కడికే పోయి కూర్చునేవారు.

ఖాలాకు ఒక అలవాటు. వాకిట్లో నీళ్లు చల్లే ముందు బకెట్ పక్కన పెట్టుకుని, వంగి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు నేలకు అరచెయ్యి ఆనించేది. వేడి తగ్గలేదంటే బకెట్ ముట్టేది కాదు.

ఒక ఆదివారం పంతం కొద్దీ మధ్యాహ్నం మూడింటికే మా టైల్స్ నిండా నీళ్లు పోశాను. గుప్పున ఆవిరి ముఖానికి కొట్టింది. ఖాలా తన పందిరి కింది నుంచే అంది.

"జర ఆగాలె బిడ్డా. గింత ఎండల పోస్తే ఇంకింత ఉడకపోస్తది."

ఆమె పక్కన కూర్చున్న మావారు తలూపారు. ఆ తలూపడం నేనింకా మర్చిపోలేదు.

పోయిన ఎండాకాలం ఖాలా మేడ్చల్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు కుర్చీ కడిగి తెచ్చి మా గుమ్మంలో పెట్టింది.

"మీ కుర్సీ బిడ్డా. పాదుకు జర నీళ్లు పొయ్యి."

పొయ్యనుగాక పొయ్యను అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం, మావారు ఆఫీసు నుంచి రాకముందే, ఆ కుర్చీ తీసుకెళ్లి బీరపాదు కింద వేసుకుని, బకెట్‌తో నీళ్లు తెచ్చుకున్నాను. ఎవరూ చూడటం లేదని చూసుకుని, వంగి నేలకు అరచెయ్యి ఆనించాను.

ఇంకా వేడిగానే ఉంది. బకెట్ పక్కన పెట్టి ఆగాను.