బాబాయిని మావయ్య అన్నాను

ఉమ్మడి రాష్ట్రం విడిపోవడానికి కొన్నేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలోని మా డబ్బింగ్ స్టూడియోకి ఒక విదేశీ సినిమా వచ్చింది. దానికి తెలుగు మాటలు రాసే పని నాకు అప్పగించారు. అప్పటికి అక్కడ సీనియర్ రచయిత్రిని నేనే.

కథ నాకు కొత్తది కాదు. ఒక యువ నావికుడి సాహసాలతో వచ్చిన మూడు సినిమాలకు అంతకుముందు నేనే రాశాను. సెలవులు వస్తే చాలు, వాటిని టీవీలో వేసేవారు. ఈ నాలుగోది ఆ మూడింటికీ ముందు జరిగిన కథ. నావికుడి తండ్రి గురించి, నావికుడి ఓడలో కళాసీలకు పెద్దగా పనిచేసే ముసలి సరంగు పడుచుతనం గురించి.

రాయడానికి ముందు డైలాగ్ లిస్టు చదువుతాం. ఏ పాత్ర ఏ సెకనులో ఏం మాట్లాడుతుందో అందులో ఉంటుంది. సగం చదివేసరికి ఒక తల్లి చనిపోతూ తన ఇద్దరు కొడుకులను పిలిచే సన్నివేశం వచ్చింది. పెద్దవాడు నావికుడి తండ్రి. చిన్నవాడు సరంగు. కాగితాలు పక్కన పెట్టేశాను.

మొదటి సినిమాలో నావికుడు ఆ సరంగును ‘అంకుల్’ అంటాడు. తెలుగులో దాన్ని తేల్చాలి. ‘బాబాయి’ అంటే పెదవులు రెండుసార్లు కలవాలి, తెర మీద నటుడి పెదవులు కలవవు. ‘మావయ్య’ అయితే ఒక్కసారే, అదీ మొదట్లో. పైగా పరాయివాళ్లను కూడా మావయ్య అంటాం కదా అని అదే రాశాను. అంతవరకు తప్పు లేదు. రెండో సినిమాలో సరంగు కూతురు వచ్చింది. మూలంలో ఆ ఇద్దరూ స్నేహితులు, అంతే. నేను మాత్రం నావికుడు ఆమెను ‘మరదలా’ అని ఆటపట్టించినట్టు రాశాను. రెండు సినిమాల్లో కలిపి ఐదు చోట్ల. ఆ మాటలు మూలంలో లేవు. జనానికి బాగా నచ్చాయి. నాకూ పేరొచ్చింది. ఇప్పుడు చూస్తే అతను మరదలన్న అమ్మాయి సొంత బాబాయి కూతురు.

మేనేజరు ప్రభాకర్ గారికి చెప్పాను. ఆయన లిస్టు చూసి, తల్లిని చిన్నవాడికి మేనత్తను చెయ్యమన్నారు. ‘అమ్మా’ అన్నచోట ‘అత్తా’ అంటే ఇద్దరూ బావాబావమరుదులవుతారు, మావయ్య మావయ్యగానే ఉంటాడు, పాతవి ముట్టుకోనక్కర్లేదు. లెక్క సరిగ్గా కుదిరింది. నిజం చెప్పాలంటే నాకు ఊపిరి వచ్చినట్టయింది. రెండు రోజుల్లో అలాగే రాసేశాను.

సరంగుకు మొదటినుంచీ గొంతు ఇచ్చినవారు యాదగిరి గారు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండేవారు, ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. మైకు ముందు పుస్తకంలాంటి తెలుగు, మైకు వదలగానే తన ఇంటి తెలుగు. అన్న సముద్రంలో పోయాక సరంగు ఒడ్డున కూర్చుని ఏడ్చే సన్నివేశం మొదట రికార్డు చేద్దామనుకున్నాం. మూడు టేకులు తీశాం. మాట పెదవులకు సరిపోయింది, గొంతులో మాత్రం ఏమీ లేదు. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బయటికొచ్చారు.

“సొంత అన్నను బావను జేసినంక నేనేమని ఏడ్వాలె, మేడం?” అన్నారు.

పాత సినిమాల సంగతి చెప్పాను. ఆయన నా దగ్గర లిస్టు తీసుకుని చివరి పేజీలు తిరగేశారు. తామిద్దరూ అన్నదమ్ములన్న నిజం తన పిల్లవాడికి చెప్పొద్దని అన్న తమ్ముడి దగ్గర మాట తీసుకునే చోట వేలు పెట్టారు.

“చెప్పనని మాటిచ్చిండు. పిలగాడు మామ అన్నా ఊకుంటడు, అది నడుస్తది. కానీ తన బిడ్డను మరదలంటుంటే ఎట్ల ఊకుంటడు? గా ఐదు మాటలే తక్లీఫ్. అవి తీసేయుండ్రి.”

ఆయన చెప్పింది సబబే. నేను ఆ పేజీ చదివి కూడా అలా చూడలేదు. నా మాటలు కాపాడుకోవడం మీదే నా ధ్యాసంతా ఉంది.

పాత సినిమాల్లో మాట మార్చాలంటే ఛానెల్ అనుమతి కావాలి, కారణం రాసివ్వాలి. ఆ ఐదు మాటలూ మూలంలో లేవని, నేను సొంతంగా చేర్చానని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పంపవద్దని ప్రభాకర్ గారు ఒకటికి రెండుసార్లు అన్నారు. తర్వాత తనే కవరు మీద చిరునామా రాశారు. అనుమతి వచ్చింది. నావికుడికి గొంతు ఇచ్చినతను ఒక పొద్దుటిపూట వచ్చి ఐదు మాటలూ మార్చి చెప్పి వెళ్లాడు. ‘మరదలా’ ఉన్నచోట అమ్మాయి పేరు పెట్టాం. కొత్త సినిమాలో తల్లిని తల్లిగానే ఉంచాను. యాదగిరి గారి ఒడ్డు సన్నివేశం మొదటి టేకులోనే ఓకే అయింది.

నాలుగూ వరసగా ప్రసారమయ్యాయి. వచ్చిన ఉత్తరాల్లో ఒక్కరు కూడా అన్నదమ్ముల సంగతి ఎత్తలేదు. ‘మరదలా’ ఏమైందని చాలామంది అడిగారు, కొందరు కోప్పడ్డారు. ఆ సంవత్సరం ఛానెల్ తన తర్వాతి సిరీస్‌ను వేరే రచయితకు ఇచ్చింది. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కథ ఎటు వెళుతుందో తీసేవాళ్లకే తెలియనప్పుడు, తెర చెప్పని బంధుత్వాన్ని డబ్బింగ్ రచయిత చెప్పకూడదు. ఆ తర్వాత పనిచేసిన తొమ్మిదేళ్లూ, నేను చేర్చిన ప్రతి మాట పక్కనా ‘మూలంలో లేదు’ అని ఎర్ర సిరాతో రాశాను. అలా రాయడం మొదలుపెట్టాక చేర్చే మాటలు చాలా తగ్గాయి.