మాస్టారు అక్కడెందుకున్నారు

మనిషి మొహం చూడకుండా, గొంతు వినకుండా, కాగితాలు చదివి అతని మాట నమ్మొచ్చో లేదో ఎలా తేలుస్తారు? ఏళ్ల తరబడి నన్ను వదలని ప్రశ్న ఇది. పోయిన వారం జగ్గయ్యపేట నుంచి ఫోనొచ్చింది, మా లెక్కల మాస్టారు పోయారని. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

ఆయన పద్ధతి ఆయన దగ్గర చదివినవాళ్లందరికీ తెలుసు. పిల్లలెవరైనా వరసగా బడికి రాకపోతే సాయంత్రం సైకిలేసుకుని ఇంటికొచ్చేసేవారు. నాకు ఆటలమ్మ తగ్గాక కూడా బద్ధకించి ఇంట్లో ఉంటే మా గుమ్మంలో నిలబడి, "తగ్గనిది ఆటలమ్మా, లెక్కలంటే భయమా?" అన్నారు. మర్నాడు బళ్లో ఉన్నా.

తర్వాత నందిగామ దగ్గర పనిచేస్తున్నప్పుడు, పత్తి తీయడానికి పంపుతూ బడి మాన్పించిన ఒక పిల్ల కోసం అలాగే వెళ్లారు. దారిలో, పత్తి మిల్లు వెనక, ఒక కూలీని ముగ్గురు కర్రలతో కొడుతుంటే చూశారు. ఆ కూలీ చనిపోయాడు. మాస్టారు మర్నాడు పొద్దున పోలీసులకి చెప్పారు. ఇంకెవరూ ముందుకు రాలేదు.

సెషన్స్ జడ్జి ఆయన్ని బోనులో చూశారు, విన్నారు, నమ్మారు. ముగ్గురికీ యావజ్జీవం పడింది. వాళ్లు అప్పీలుకి వెళ్లారు. నేను లా పాఠాలు చెబుతాను కాబట్టి, పైకోర్టు తనని మళ్లీ పిలుస్తుందా అని మాస్టారు నన్నడిగారు. పిలవరు మాస్టారూ, మీరు చెప్పింది రాసి ఉందిగా, అదే చదువుతారు అన్నా.

"మరి ఏదన్నా నమ్మబుద్ధి కాకపోతే నన్నే అడగొచ్చుగా?"

అడగలేదు. కొన్నేళ్లకి ముగ్గురినీ వదిలేశారు. ఆ తీర్పు నేను చదివా. మాస్టారు అనుకోకుండా అక్కడున్న సాక్షి కాబట్టి, ఎందుకున్నారో నమ్మేలా చెప్పాలట. ఒక టీచరు చీకటి పడే వేళ, బడికి రాని పిల్ల కోసం కూలీల ఇళ్లకి వెళ్లాననడం సహజంగా లేదట. అంత ఘోరం చూసి తెల్లారేదాకా ఆగడం ఇంకా అసహజమట.

సహజంగా లేదా? ఆయన పనిచేసిన ఏ ఊళ్లో తలుపు తట్టినా చెప్పేవాళ్లే. కానీ ప్రభుత్వ వకీలు ఒక్కర్ని కూడా పిలవలేదు. ఆ పిల్ల తల్లినైనా పిలవలేదు. మాస్టారి మాట ఎవరు కాదంటారులే అనుకున్నాడట. రికార్డులో లేనిది పైకోర్టుకి లేనట్టే. కొత్తగా సాక్ష్యం తీసుకునే అధికారం వాళ్లకీ ఉంది, ఎప్పుడో గానీ వాడరు. ఇక్కడ వాడమని అడిగిన దిక్కే లేదు.

తీర్పొచ్చాక టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఏం మాస్టారూ, ఇవాళ ఎక్కడ ఏం చూశారండి?" అన్నాడు.

"నీ కొడుకు బడి ఎగ్గొట్టి క్రికెట్ ఆడుతుంటే చూశానయ్యా."

అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం టీ తాగకుండానే లేచారు.

రాత్రే ఎందుకు చెప్పలేదని నేనూ ఒకసారి అడిగా. "భయపడ్డానమ్మా. కోర్టులో కూడా అదే చెప్పా. భయపడటం కూడా అసహజమేనట" అన్నారు.

పిల్లల ఇళ్లకి వెళ్లడం మాత్రం మానలేదు. కాకపోతే ఇక గుమ్మం దాకా వెళ్లేవారు కాదు. వీధిలోనే సైకిలాపి, పక్కింటివాళ్లనీ ఎదురింటివాళ్లనీ పేరుపేరునా పిలిచి, "నేనొచ్చానండీ, చూశారుగా" అని, అప్పుడు పిల్ల సంగతి అడిగేవారు. అది తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మాస్టారు నాకు తెలుసు కాబట్టి నమ్ముతున్నా. ఎవరో తెలియని ఒకే ఒక్క మనిషి, అదీ మర్నాడు చెప్పిన మాట మీద ముగ్గురిని జీవితాంతం జైల్లో పెట్టొచ్చా? అనుమానం ఉంటే దాని లాభం ముద్దాయికే దక్కాలని రోజూ క్లాసులో చెప్పేదాన్ని నేనే. అది లేకపోతే ఎంతమంది అమాయకులు లోపలే ఉండిపోయేవారో.

మాస్టారి అంత్యక్రియలకి నేనూ వెళ్లా. సమాధి దగ్గరికి ఆ చనిపోయిన కూలీ భార్య వచ్చింది. మట్టి తీసుకుంది గానీ వేయలేదు, పిడికిలి బిగించి నిలబడింది. "మా ఆయన్ని కొడుతుంటే చూసినోడు ఈయనొక్కడే. ఈయనా పోయాడు" అంది. నా సంగతి మాస్టారు చెప్పి ఉంటారు, నా వైపు తిరిగి, "ఆ జడ్జీలు కూర్చున్న చోట మీరుంటే ఏం రాసేవోరమ్మా?" అని అడిగింది.

ఆయన మొహం చూడకుండా, ఆ కాగితాలు మాత్రమే నా ముందుంటే ఏం రాసేదాన్నో నాకు తెలియదన్నా. ఇప్పటికీ తెలియదు.